మగ్దలేనే మరియను గూర్చి కామారెడ్డి, ఎల్లారెడ్డి సంఘాల ఉమ్మడి సభ తీర్మానం

కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాల నుంచీ చుట్టుపక్కల పల్లెల నుంచీ వచ్చిన సంఘ పెద్దలు, పాస్టర్లు, స్త్రీల మైత్రి సభ్యులు, సండేస్కూలు ఉపాధ్యాయులు కూడిన ఈ ఉమ్మడి సభ, మగ్దలేనే మరియను గూర్చి మన సంఘాలలో వాడుకగా సాగుతున్న మాటలను సువార్తలతో సరిచూసి, తన నిర్ణయాలను ఈ విధంగా నమోదు చేస్తున్నది. కతోలిక సంఘాలు మగ్దలా మరియమ్మ అని పిలిచేది కూడా ఈమెనే గనుక ఇందులోని ప్రతి మాటా ఆ పేరుకూ వర్తిస్తుంది.

ఈ సభ గమనించినది: సిలువకు ముందటి కాలంలో మగ్దలేనే మరియను పేరుతో ప్రస్తావించిన చోటు సువార్తలలో ఒక్కటే. అది లూకా 8వ అధ్యాయంలోని మొదటి మూడు వచనాలు. ఆమెను ఏడు దయ్యాలు వదిలిపోయాయని, హేరోదు ఇంటి వ్యవహారాలు చూసే కూజా భార్య యోహన్నతోను, సూసన్నతోను, ఇంకా అనేకమంది స్త్రీలతోను కలిసి ఆమె యేసు వెంట ఊరూరా నడిచిందని, వారంతా తమకు కలిగిన దానితో ఆయనకూ శిష్యులకూ ఖర్చులు భరించారని అక్కడ ఉన్నది. ఆమె నడత గురించి ఒక్క ముక్క లేదు. ఆమెకు పెళ్లయిందా, పిల్లలున్నారా అన్నదీ లేదు. ఉన్నవి మూడే సంగతులు: జబ్బు నయమైంది, వెంట నడిచింది, సొంత డబ్బు పెట్టింది.

సభ ఇంకా గమనించినది: మగ్దల అనేది గలిలయ సముద్రం పడమటి ఒడ్డున ఉన్న ఊరు. చేపలు పట్టి, ఉప్పులో ఊరేసి దూరదేశాలకు పంపిన ఊరుగా దానికి పేరు. 2009లో అక్కడ జరిపిన తవ్వకాలలో యేసు కాలంనాటి సమాజమందిరం బయటపడింది. గాంధారి నుంచి వచ్చిన కోడలిని ఎల్లారెడ్డిలో పుట్టింటి ఊరి పేరుతో పిలిచినట్టే, ఈ మరియను తోటి మరియల నుంచి వేరుచేయడానికి ఊరి పేరుతో పిలిచారు. ఆ కాలపు యూదు స్త్రీలలో మరియ అన్నంత విరివిగా వాడిన పేరు మరొకటి లేదు. కొత్త నిబంధనలోనే యేసు తల్లి మరియ, బేతనియ మరియ, యాకోబు యోసే అనేవారి తల్లి మరియ, క్లోపా భార్య మరియ, మార్కు తల్లి మరియ ఉన్నారు. మన సంఘాల్లో కూడా ఒక్కో చోట ముగ్గురు నలుగురు మరియమ్మలుంటారు. ఇంటిపేరుతోనో ఊరితోనో గుర్తు పెట్టుకుంటామే తప్ప ఒకరి కథ ఇంకొకరికి అంటగట్టం. ఆ మాత్రపు మర్యాద మగ్దలేనే మరియకూ చెల్లవలసి ఉన్నది.

ఈ సభ నిస్సంకోచంగా ప్రకటిస్తున్నది: మగ్దలేనే మరియ వేశ్య అని గానీ, వ్యభిచారిణి అని గానీ, చెడు నడత మాని మారిన స్త్రీ అని గానీ నాలుగు సువార్తలలో ఎక్కడా లేదు. లూకా 7వ అధ్యాయంలో సీమోను అనే పరిసయ్యుని ఇంటికి అత్తరు బుడ్డితో వచ్చి, కన్నీళ్లతో యేసు పాదాలు తడిపి, తలవెంట్రుకలతో తుడిచిన స్త్రీకి లూకా పేరు పెట్టలేదు. ఆ వెంటనే 8వ అధ్యాయం మొదట్లో మగ్దలేనే మరియ పేరు వస్తున్నదన్నంత మాత్రాన ఇద్దరూ ఒకరే అనుకోవడానికి వీలులేదు. ఒకరే అయితే ఆ మాట చెప్పడానికి లూకాకు అడ్డేమీ లేదు. మార్త, లాజరుల తోబుట్టువైన మరియది యెరూషలేము పక్కనున్న బేతనియ. మగ్దలది ఉత్తరాన గలిలయ. యోహాను 8వ అధ్యాయంలో రాళ్లతో కొట్టి చంపుదామని శాస్త్రులూ పరిసయ్యులూ పట్టుకొచ్చిన స్త్రీ మరొకరు. ఆమెకూ పేరు లేదు. బోధకుల నోట, నాటికలలో, గోడ క్యాలెండర్ల బొమ్మలలో ఈ నలుగురూ ఒక్కరైపోయారు.

సభ నమోదు చేస్తున్నది: ఈ కలగలుపు పడమటి సంఘంలో స్థిరపడింది 591లో పోపు మొదటి గ్రెగొరీ రోములో చేసిన ఒక ప్రసంగంతో. లూకా చెప్పిన పాపాత్మురాలు, యోహాను చెప్పిన బేతనియ మరియ, ఏడు దయ్యాలు వదిలిన మరియ ఒక్కరేనని ఆయన బోధించాడు. ఏడు దయ్యాలంటే సమస్త దుర్గుణాలని అర్థం చెప్పాడు. ముందు ఏడాదే రోములో తెగులు ప్రబలి అంతకు ముందటి పోపునే బలిగొన్నది. పాపానికి క్షమాపణ ఉన్నదని జనానికి ధైర్యం చెప్పడమే గ్రెగొరీ ఉద్దేశమని సభ ఒప్పుకుంటున్నది. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన ఒక స్త్రీ మీద లేని నింద నిజం కాదు. తూర్పు సంఘాలు ఈ కలగలుపును ఎన్నడూ స్వీకరించలేదు. అక్కడ ఆమె పరిమళ ద్రవ్యాలు మోసుకెళ్లిన స్త్రీలలో ఒకరు, అపొస్తలులతో సమానురాలు.

పడమటి సంఘంలోనూ ఈ తప్పును ఎత్తిచూపినవారు ఉన్నారని సభ గుర్తు చేసుకుంటున్నది. 1517లో ఫ్రాన్సు పండితుడు జాక్ లెఫెవ్ర్ ఈ ముగ్గురూ వేరువేరు స్త్రీలని పుస్తకం రాశాడు. 1521లో పారిస్ వేదాంత పండితుల సభ ఆ మాటను ఖండించింది. మరో నాలుగు శతాబ్దాలకు పైగా గడిచాక, 1969లో కతోలిక సంఘం తన పంచాంగాన్ని సవరించినప్పుడు, జూలై 22న ఆమె జ్ఞాపక దినాన చదివే పాఠం నుంచి పాపాత్మురాలి కథను తొలగించి, పునరుత్థాన ఉదయపు పాఠాన్ని పెట్టింది. అప్పుడు పోపు క్షమాపణ అడిగాడని మన దగ్గర కొందరు చెప్పుకొంటున్నది సరికాదు. పాఠం మారింది, అంతే. 2016 జూన్‌లో పోపు ఫ్రాన్సిస్ ఆ జ్ఞాపక దినాన్ని అపొస్తలుల పండుగలతో సమానమైన పండుగ స్థాయికి పెంచారు. తామస్ అక్వినాస్ వంటి మధ్యయుగపు వేదాంతులు ఆమెకు పెట్టిన 'అపొస్తలులకు అపొస్తలురాలు' అన్న పేరును ఆ సందర్భంలో మళ్లీ ముందుకు తెచ్చారు. రోములో పాఠం మారి అర్ధ శతాబ్దం దాటింది. మన పల్లెల్లో బోధ ఇంకా మారలేదు. ఇందుకు ఈ సభ విచారిస్తున్నది.

దయ్యాల సంగతి మీద ఈ సభ తన స్థానాన్ని విడిగా, కొంత వివరంగా నమోదు చేస్తున్నది. సువార్తలలో దయ్యం పట్టినవారు బాధితులు, దోషులు కారు. గెరాసేనుల దేశంలో సమాధుల మధ్య తిరిగినవానిలో ఉన్నది ఏడు కాదు, ఒక సేన. అయినా అతణ్ణి వ్యభిచారి అన్న బోధకుడు లేడు. మూర్ఛ వచ్చి నిప్పులోనూ నీళ్లలోనూ పడే కుర్రవాణ్ణి ఎవరూ పాపి అనలేదు, సురోఫెనికయ స్త్రీ కూతుర్నీ అనలేదు. మగ్దలేనే మరియ దగ్గరికి వచ్చేసరికి మాత్రం దయ్యాలకు నడతతో ముడిపెట్టారు. పురుషునికి పట్టితే బాధ, స్త్రీకి పట్టితే తప్పు అన్న ఈ రెండు తూకాలను ఈ సభ తిరస్కరిస్తున్నది.

సభ మరింత విచారంతో గమనించినది: ఈ తూకం మన ఊళ్లకు కొత్త కాదు. బాలింతకు మతి చలిస్తే దయ్యమన్నారు. మూర్ఛ వచ్చే పిల్లను పెళ్లికి పనికిరాదన్నారు. ఒంటరి ముసలమ్మ కనబడితే బాణామతి చేస్తుందన్నారు. మంత్రాల నెపం మీద మనుషుల్ని కొట్టి చంపిన దురాగతాలు మెతుకుసీమకూ పాత నిజామాబాద్ జిల్లాకూ తెలియనివి కావు. భర్త దుబాయిలోనో మస్కట్‌లోనో కూలి చేస్తుంటే, ఇక్కడ పొలమూ పిల్లలనూ ఒంటిచేత్తో నెట్టుకొచ్చే ఆడమనిషి ఎవరితో రెండు మాటలు మాట్లాడినా ఊరు పేరు పెడుతుంది. జబ్బుకూ, ఒంటరితనానికీ, సొంత సంపాదనకూ ఒక్కటే పేరు పెట్టే ఈ అలవాటు ప్రార్థనా మందిరంలోకి నడిచివచ్చి మగ్దలేనే మరియ కథలో కూర్చున్నదని ఈ సభ అభిప్రాయం. దాన్ని లేఖనంలో మనం చదువుకోలేదు, ఊరి నుంచి వెంట తెచ్చుకున్నాం.

తప్పు పేరు ఎంత దూరం పోగలదో చూపడానికి సభ ఒక పరదేశపు సంగతిని నమోదు చేస్తున్నది. ఐర్లండులో మగ్దలేన్ పేరు పెట్టిన చాకిరేవు ఇళ్లు ఉండేవి. నడత చెడ్డదన్న ముద్ర వేసి ఆడపిల్లల్ని అక్కడ పెట్టి, జీతం లేకుండా బట్టలు ఉతికించారు. వాటిలో చివరిది మూతపడింది 1996లో. 2013 ఫిబ్రవరిలో ఆ దేశపు ప్రధాని పార్లమెంటులో నిలబడి ఆ స్త్రీలను క్షమాపణ కోరారు. ఏ పాపమూ లేఖనంలో నమోదు కాని శిష్యురాలి పేరు ఆ గుమ్మాల మీద అన్నేళ్లు ఉండడం ఈ సభకు బాధ కలిగిస్తున్నది.

సభ అంతే స్పష్టంగా మరో మాట చెబుతున్నది. మగ్దలేనే మరియ 'అలాంటిది కాదు' అని నిరూపించడం ఈ తీర్మానం ఉద్దేశం అయితే, అది సగమే న్యాయం. సీమోను ఇంటికి వచ్చిన పేరులేని స్త్రీని ఆ భోజనపు బల్ల దగ్గర అందరిముందూ యేసు మెచ్చుకున్నాడు. రాళ్లు పట్టుకున్నవారి నడుమ నిలబెట్టిన స్త్రీని ఆయన శిక్ష వేయకుండా పంపాడు. మగ్దలేనే మరియను ఆ ఇద్దరి నుంచి వేరు చేస్తున్నది సువార్త అలా చెప్పింది గనుకనే. వారు అంటరానివారని కాదు. ఈమెను పైకి లేపే పనిలో వారిని కిందికి తోయకూడదని సభ హెచ్చరిస్తున్నది.

ఈ సందర్భంలో సభ గౌరవంతో స్మరించుకుంటున్నది: పాత నిజామాబాద్ జిల్లాలో పసిపిల్లలను దేవత పేర జోగినులుగా వదిలిన దురాచారం మీద 1980లలో గట్టిగా పనిచేసినవారు హేమలతా లవణం, లవణం దంపతులు. వర్నిలో వారు నడిపిన చెల్లి నిలయం ఎందరో జోగినులకు నీడ అయింది. జోగిని, బసివి, దేవదాసీ ఆచారాలను నిషేధించే చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో వచ్చింది. హేమలత, క్రీస్తు చరిత్ర కావ్యానికి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన గుర్రం జాషువా కూతురు. లవణం నాస్తికోద్యమ నాయకుడు గోరా కొడుకు. ఊరు ముద్రవేసిన ఆడపిల్లలను 'చెల్లి' అని పిలిచిన ఆ మాట మన బోధపీఠాల మీంచి ముందుగా రావలసి ఉండెను. రాలేదు. ఈ లోపాన్ని సభ తన మీదే వేసుకుంటున్నది.

యేసుకు మగ్దలేనే మరియ భార్య అన్న ప్రచారాన్ని గూర్చి సభ గమనించినది: ఆ మాటకు సువార్తలలో ఆధారం లేదు, సువార్తల బయటి పాత గ్రంథాలలో కూడా లేదు. ఫిలిప్పు సువార్త పేరుతో 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదిలో దొరికిన ప్రతిలో ఆమెను యేసుకు తోడుగా చెప్పిన చోట తాటాకు చిల్లిపడ్డట్టు పాపిరస్ చిరిగి ఉన్నది. ఆ చిల్లిని పూరించినవారే దాని మీద కథలల్లారు. యేసు తన భార్యను ప్రస్తావించినట్టు చెప్పే ఒక చిన్న పాపిరస్ ముక్కను 2012లో హార్వర్డ్ ఆచార్యురాలు ఒకరు వెల్లడించగా, 2016 నాటికి అది దొంగ రాత అయి ఉండవచ్చని ఆమే ఒప్పుకొన్నారు. మరియ సువార్త అనే రెండో శతాబ్దపు గ్రంథం ఆమె స్వయంగా రాసినది కాదు. 1896లో కైరోలో కొన్న ఆ ప్రతిలో మొదటి ఆరు పుటలూ, మధ్యలో నాలుగు పుటలూ లేవు. మిగిలిన దానిలో పేతురు ఆమె మాటను కాదంటాడు, లేవి ఆమె పక్షాన నిలుస్తాడు. స్త్రీ బోధించవచ్చునా అన్న తగువు ఆనాటికే సంఘంలో ఉన్నదని చెప్పడానికి అది సాక్ష్యం. అంతకు మించి అది ఆమె జీవితచరిత్ర కాదు.

యేసుకు ఆమె భార్య అన్న ఊహ మీద అల్లిన ద వించి కోడ్ నవల 2003లో, సినిమా 2006లో వచ్చినప్పుడు మన ప్రాంతం ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో, నిజామాబాద్ జిల్లాలో ఉండెను. 2006 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆ సినిమాను నిషేధించగా హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. నిషేధం కోరుతూ మనవారు పెట్టిన శ్రమలో పదో వంతు మగ్దలేనే మరియను గూర్చి సువార్త చెప్పిన నిజాన్ని పిల్లలకు నేర్పడంలో పెట్టి ఉంటే, ఒక సినిమాకు జడిసే అవసరం వచ్చేది కాదని ఈ సభ భావిస్తున్నది. భార్యను చేసినా వేశ్యను చేసినా రెండింటిలో ఉన్నది ఒకే ఊహ. స్త్రీ ఒక పురుషుని వెంట నడిచిందంటే దానికి శిష్యరికం కాక మరేదో కారణం ఉండాలన్నది ఆ ఊహ. ఈ సభ రెండింటినీ తోసిపుచ్చుతున్నది.

ఆమె ఫ్రాన్సు దేశానికి ఓడలో వెళ్లి గుహలో తపస్సు చేసిందన్న కథ, ఎఫెసులో కన్నుమూసిందన్న కథ, రోము చక్రవర్తి ముందు ఆమె పట్టుకున్న గుడ్డు ఎర్రబడిందన్న కథ సంఘ సంప్రదాయాలుగా చెప్పుకోవచ్చునని, లేఖనంగా చెప్పరాదని సభ నిర్ణయిస్తున్నది. తలవెంట్రుకలే వస్త్రంగా అడవిలో ఉన్న బొమ్మ నిజానికి ఈజిప్టు మరియ అనే వేరొక సన్యాసిని కథ నుంచి ఈమెకు అంటుకొన్నది.

ఈ సభ అన్నిటికంటె ముఖ్యమని ఎంచినది పునరుత్థాన ఉదయపు సాక్ష్యం. సిలువ దగ్గర మత్తయి, మార్కు, యోహాను ఆమెను పేరుతో చూపారు. అరిమతయియ యోసేపు దేహాన్ని సమాధిలో పెడుతుంటే ఏ చోట పెట్టాడో కూర్చుని చూసినవారిలో ఆమె ఉన్నది. ఆదివారం తెల్లవారుజామున సమాధికి వెళ్లినవారిలో నలుగురు సువార్తికులూ ఆమె పేరు చెప్పారు. స్త్రీల పేర్లు వరుసగా వచ్చిన చోట ఇంచుమించు ప్రతిసారీ ఆమెదే మొదటి పేరు. యోహాను 20వ అధ్యాయంలో పేతురూ మరో శిష్యుడూ ఖాళీ సమాధి చూసి ఇంటికి వెళ్లిపోయారు. ఆమె వెళ్లలేదు. ఏడుస్తూ అక్కడే నిలబడింది. ఎదుట నిలిచినవాణ్ణి తోటమాలి అనుకున్నది. పేరు పెట్టి పిలిచిన గొంతుతో గుర్తు పట్టింది. వెళ్లి సోదరులకు చెప్పమన్న ఆజ్ఞ మొదట అందుకున్నది ఆమె.

సభ విచారంతో గమనించినది: ఆ మాట అపొస్తలులకు పిచ్చి మాటగా తోచిందని లూకా దాచకుండా రాశాడు. నాటి యూదుల న్యాయ సంప్రదాయంలో స్త్రీ సాక్ష్యానికి విలువ తక్కువ. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో, లేచిన ప్రభువు కనబడినవారి జాబితాలో కేఫా, పన్నెండుగురు, ఐదువందలమంది, యాకోబు ఉన్నారు. మగ్దలేనే మరియ పేరు లేదు. కల్పించి రాసేవారెవరూ చెల్లని సాక్షిని ముందు నిలబెట్టరు. అలా నిలబెట్టారంటే జరిగింది అదే గనుక నిలబెట్టారని సభ విశ్వసిస్తున్నది. అట్టి సాక్షిని మన సంఘాలు గుర్తు పెట్టుకున్నది మాత్రం ఆమె చూసిన దానితో కాదు, ఆమె చేయని దానితో.

సభ కృతజ్ఞతతో నమోదు చేస్తున్నది: తమకు కలిగిన దానితో సేవచేసిన స్త్రీల వరుస మన దగ్గర తెగిపోలేదు. వంట కోసం కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుని కుండలో వేసిన అవ్వలు, రోజంతా బీడీలు చుట్టి వచ్చిన కూలిలోంచి కానుక పెట్టిన తల్లులు కట్టిన గోడలే మన మందిరాలు. 1924 క్రిస్మస్‌నాడు ప్రతిష్ఠించిన మెదక్ చర్చి మహత్తును గూర్చి చెప్పుకొంటాం. పల్లె పల్లె తిరిగి బైబిలు చదివి వినిపించిన బైబిలు స్త్రీలను గూర్చి అంత చెప్పుకోం. డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిని నిలబెట్టిన డాక్టర్ ఇసబెల్ కెర్ పేరు మన పిల్లల్లో ఎందరికి తెలుసు? దక్షిణ ఇండియా సంఘంలో మొదటి స్త్రీ బిషప్పుగా 2013లో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల అధ్యక్ష మండలంలో అభిషిక్తులయ్యారు. తెలుగు నేల మీద జరిగిన ఈ సంగతిని మగ్దలేనే మరియ పాఠం పక్కన పెట్టి చెప్పడం సముచితమని సభ తలచింది.

పై అన్నిటి దృష్ట్యా ఈ సభ ఇలా తీర్మానిస్తున్నది.

మన సంఘాలలో జరిగే ప్రసంగాలు, ఉపవాస ప్రార్థనలు, సువార్త సభలు, బుర్రకథలు, నాటికలలో మగ్దలేనే మరియను వేశ్యగా గానీ వ్యభిచారిణిగా గానీ చూపరాదని తీర్మానించడమైనది. శుభ శుక్రవారపు నాటికలో ఆమె పాత్రకు మెరిసే చీర, మల్లెపూలు, గజ్జెలు కట్టించే వాడుక ఈ ఏటి నుంచి మానివేయాలి. ఆ పాత్ర వేయడానికి మన ఆడపిల్లలు ఒప్పుకోకపోవడం, ఒప్పుకొన్న పిల్లను తర్వాత ఆ పేరుతో వెక్కిరించడం సభ దృష్టికి వచ్చినందున ఈ మాట ఇంత విడమరిచి రాయవలసి వచ్చింది.

సండేస్కూలులో సీమోను ఇంటి స్త్రీ, బేతనియ మరియ, మగ్దలేనే మరియ అనే మూడు పాఠాలను మూడు వేరు ఆదివారాలలో చెప్పాలని తీర్మానించడమైనది. మందిరాలలో, ఇళ్లలో ఉన్న బొమ్మలను చింపవలసిన పనిలేదు. బొమ్మ కింద ఎవరి పేరున్నదో చూసి, తప్పయితే పిల్లలకు చెప్పితే చాలు.

శుభ శుక్రవారం ఏడు మాటలు ధ్యానించేటప్పుడు, మూడో మాట మీద ప్రసంగించేవారు సిలువ దగ్గర నిలిచిన స్త్రీలందరి పేర్లూ చెప్పాలని, ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించే ఆరాధనలో యోహాను 20వ అధ్యాయం ఒక స్త్రీ చదవాలని తీర్మానించడమైనది. చదువు రాని అవ్వ అయినా సరే, నోటికి వచ్చినంత చెప్పవచ్చును.

మతి చలించినవారి కోసం, మూర్ఛ వచ్చేవారి కోసం ప్రార్థన చేయడం సంఘపు విధి. వారిని కొట్టడం, కట్టేయడం, వాతలు పెట్టడం, రోజుల తరబడి పస్తు ఉంచడం ప్రార్థన కాదు. మన సంఘాల పరిధిలో అట్టి పని ఎవరు చేసినా, వారు పేరుపొందిన బోధకులైనా సరే, సంఘ పెద్దలు అడ్డుకోవాలని, రోగిని వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలని, ప్రార్థన అక్కడా కొనసాగించవచ్చునని తీర్మానించడమైనది. ఈ అంశం మీద వెసులుబాటు లేదని సభ స్పష్టం చేస్తున్నది.

స్త్రీల మైత్రి వసూలు చేసిన పిడికెడు బియ్యం సొమ్ము, కానుకల లెక్క సంఘపు పద్దు పుస్తకంలో విడిగా రాయాలని, ఆ సొమ్ము ఖర్చు నిర్ణయించేటప్పుడు స్త్రీల మైత్రి నుంచి ఇద్దరికి తక్కువ కాకుండా కూర్చోవాలని తీర్మానించడమైనది. తమ సొమ్ముతో యేసును నడిపించిన స్త్రీల పేర్లను లూకా రాసి పెట్టాడు. మన పద్దులో ఆ మాత్రం ఉండవలసిందే.

మగ్దలీన, మగ్దలేన, మాగ్డలిన్ అన్న పేర్లు ఉన్న అక్కలూ చెల్లెళ్లూ మన సంఘాలలో ఉన్నారు. వారు ఇన్నాళ్లు విన్న మాటలకు ఈ సభ తన విచారాన్ని తెలియజేస్తున్నది. ఆ పేరు పిల్లకు పెట్టవచ్చునా అని అడిగిన తల్లిదండ్రులకు, సంతోషంగా పెట్టవచ్చునని ఈ సభ జవాబు.

ఈ తీర్మానాన్ని ప్రతి సంఘపు మినిట్స్ పుస్తకంలో ఎక్కించాలని, మట్టల ఆదివారం నాటికి కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలలోని సంఘాలన్నిటిలో ఆరాధన సమయంలో చదివి వినిపించాలని, చదివేది స్త్రీల మైత్రి సభ్యురాలై ఉండాలని తీర్మానించడమైనది.